కుడి చేతికి వెనక చక్రం

1, సోమవారం

పరీక్షలు అయిపోయాయి. నాన్న తను బైండింగ్ చేసే ప్రెస్సు నుంచి పాడైన కాగితాలు తెచ్చి, కుట్టి, అట్ట వేసి ఈ పుస్తకం చేసిచ్చారు. ప్రతి పేజీ వెనకా నీళ్ల పంపు బిగించే విధానం సగం సగం అచ్చయి ఉంది. ముందువైపు మాత్రం తెల్లగా, నా సొంతం. ఎవరైనా చదివితే కళ్లు పోతాయని మొదటి పేజీలో రాద్దామనుకున్నాను. కానీ తాతయ్యకి పోయిన వారమే కంటి ఆపరేషన్ అయింది. ఆ మాట బాగుండదు.

ఈరోజు దొరికిన మాట: ఉబలాటం. పైకి అంటే నోరు గెంతినట్టు ఉంటుంది.

2, మంగళవారం

అమ్మకి ఉత్తరం వచ్చింది.

అమ్మ పనిచేసే బట్టల మిల్లు మూసేసి నాలుగు నెలలు. అప్పటినుంచి అమ్మ మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెడుతోంది. ఏదైనా తమాషాగా చెబితే "ఊఁ" అంటుంది, అంతే. ఈరోజు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారి పైకి చదివింది. అడవిలో మంటలు కనిపెట్టే కాపలా ఉద్యోగం. ఇరవై ఎనిమిదో తేదీ ఆదివారం పరీక్ష. సొంత సైకిలు మీద కొండ మీది కావలి మంచె దాకా ఎక్కి, గంటన్నరలో దిగి రావాలి.

"పెళ్లికి ముందు దీన్ని ఆ కొండ మీంచి దించాలంటే కింద నిలబడి నేను గొంతు చించుకోవాల్సి వచ్చేది," అన్నాడు తాతయ్య.

"నువ్వు పిలిచేది భోజనానికి నాన్నా. ఆకలేస్తే నేనే దిగేదాన్ని," అంది అమ్మ. అని, నవ్వింది.

నాన్న చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

అమ్మ సైకిలు పెరటి కొట్టంలో ఉంది. పదకొండేళ్లుగా దాని హ్యాండిల్ మీద తడి తువ్వాళ్లు ఆరేస్తున్నాం. అది సైకిలన్న సంగతి నేను దాదాపు మర్చిపోయాను.

4, గురువారం

సైకిలు వరండాలోకి వచ్చింది. తాతయ్య స్టూలు మీదకి వచ్చాడు. డాక్టరు ఆయన్ని నెల రోజులు వంగొద్దన్నాడు, బరువెత్తొద్దన్నాడు, దుమ్ములో కూర్చోవద్దన్నాడు. మాట్లాడొద్దని మాత్రం అనలేదు. అదే పెద్ద పొరపాటు.

"నోరు నాది, చేతులు నీవి. పద పండితా," అన్నాడు.

పండిత అంటే నేనే. లైబ్రరీ నుంచి సైకిళ్ల మరమ్మత్తు పుస్తకం తెచ్చినందుకు ఆ బిరుదు. రెండొందల పేజీలు, బొమ్మలతో. రెండు రోజుల్లో చదివేశాను. ముఖ్యమైనవి ఎర్ర పెన్సిలుతో గీద్దామనుకుని, లైబ్రరీ పుస్తకం కదా అని ఆగి, వేరే కాగితం మీద రాసుకున్నాను.

మా చెల్లెలు చిటికె (నాలుగేళ్లు, మనిషి చిటికెడు, గొంతు బండెడు) సైకిలు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి అడిగింది: "నా కుర్చీ ఏది?"

నిజమే. ఉద్యోగం వస్తే అమ్మ రోజూ చిటికెని బడి దగ్గర దింపి, అక్కడినుంచే అడవిలోకి వెళ్లాలి. సైకిలు కొండకీ పనికిరావాలి, చిటికెకీ పనికిరావాలి. రెండిట్లో ఏది కష్టమో చెప్పలేనన్నాడు తాతయ్య.

ఒకటి రాసి ఉంచుతాను. నాకు సైకిలు తొక్కడం రాదు. ఏడేళ్లప్పుడు ఒకసారి పడ్డాక మళ్లీ ఎక్కలేదు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పుస్తకం చదివితే తొక్కడం రాకపోయినా బిగించడం వస్తుంది. ఈత రాకుండా పడవ చేసేవాళ్లు ఉండరా? ఉండే ఉంటారు.

5, శుక్రవారం

చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే కడ్డీ ఇరుసు. చువ్వలు ఆకులు. తాతయ్య చువ్వలు అనడు, ఆకులు అంటాడు. బండి చక్రాల కాలం నాటి మాటట. ముప్పై ఆరు ఆకులు, ఒక్కొక్కటీ గోటితో మీటుతూ వెళ్లాను. అన్నీ ఒకేలా మోగాలి. పదిహేడోది గొంతు పోయినవాడిలా పలికింది.

"అది వదులుగా ఉంది. పావు తిప్పు తిప్పు. పావంటే పావే, నీ ఉత్సాహమంత కాదు."

పావు తిప్పాను. మోగింది. నాకు వొళ్లు పులకరించింది. ఇంత చిన్న పనికి ఇంత సంతోషం న్యాయమేనా?

8, సోమవారం

సైకిళ్ల షాపు ఆవిడ వెడల్పు టైర్లు ఇచ్చింది. ఎప్పుడూ నోట్లో ఒక నట్టు పెట్టుకుని మాట్లాడుతుంది. టైరు పెట్టి చూస్తే మడ్‌గార్డుకి రాసుకుంటోంది. మడ్‌గార్డు తీసేద్దామన్నాను.

"బురదంతా నా వీపుకే," అంది అమ్మ.

"నా మొహానికే," అంది చిటికె. వెనక కూర్చునేది తనే కదా.

తాతయ్య మూడు వాషర్లు అడ్డంపెట్టి మడ్‌గార్డుని వేలెడెత్తు లేపించాడు. పుస్తకంలో ఇది లేదు. వెనక పెద్ద పళ్ల చక్రం వేశాం. ఇక ఎత్తు ఎక్కేటప్పుడు పెడలు తేలిగ్గా తిరుగుతుంది, సైకిలు మాత్రం నత్తలా పోతుంది. రోడ్డు మీదైతే టైరు రాయిలా ఉండాలి, రాళ్ల మీదైతే బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. మెత్తటి టైరు రాయిని మింగుతుందట, గట్టి టైరు రాయిని తన్నుతుందట. ఈ రెండు క్రియాపదాల కోసం పుస్తకం రాసినాయన చేతులు కడిగి నమస్కారం పెట్టాలనిపించింది.

అమ్మ టైరు మీద వేలు పెట్టి నొక్కి, "ఇంకొంచెం వదులు," అంది. బట్టల మడత చూసిన కళ్లతో కాదు, వేరే కళ్లతో.

10, బుధవారం

తాతయ్యని కన్ను చూపించడానికి నాన్న తీసుకెళ్లారు. ఊరుకోలేక కొత్త బ్రేకులు నేనే బిగించాను. కొత్త వైర్లు, కొత్త రబ్బర్లు. నాలుగు గంటలు పట్టింది. పుస్తకంలో ఉన్నట్టే: ముందు చక్రం కుడి చేతికి, వెనక చక్రం ఎడమ చేతికి.

పాత వైర్లు తలకిందులుగా ఉన్నాయి. ఎవరో చూడకుండా బిగించేసి ఉంటారు. సరిచేశాను. ఎవరికీ చెప్పలేదు. సరిచేసిన ప్రతి తప్పునీ చెప్పుకుంటూ తిరిగితే అది పనితనం కాదు, గొప్పలు.

సాయంత్రం తాతయ్య వచ్చి, "వైర్లు వేశావా? పాతది ఎలా ఉందో అలాగేగా?" అన్నాడు.

"ఇంకా బాగా," అన్నాను.

12, శుక్రవారం

అమ్మ ఎక్కింది.

వెనక చిటికె కుర్చీ, కుర్చీలో చిటికె, చిటికె చేతిలో బెల్లు. (బెల్లు హ్యాండిల్‌కి కాదు, తన కుర్చీకే ఉండాలని ఏడ్చింది. పెట్టాం.) వీధి చివరిదాకా వెళ్లి మళ్లించుకొచ్చింది. మొదట హ్యాండిల్ వణికింది, మూడో ఇల్లు దాటేసరికి కుదుటపడింది. వచ్చేటప్పుడు కాళ్లు పెడళ్ల మీంచి తీసి ముందుకి చాపి, చిన్నపిల్లలా వచ్చింది. నలభై రెండేళ్ల మనిషి.

గేటు దగ్గర ఆగి, "బ్రేకులు భలే గట్టిగా పడుతున్నాయే. ఎవరు బిగించారు?" అంది.

నేను చెయ్యెత్తాను, క్లాసులో ఎత్తినట్టు.

చిటికె బెల్లు ఆపడం లేదు. పక్కింటివాళ్లు కిటికీ మూసేశారు. ఈ ప్రపంచంలో నేను బిగించిన వస్తువు ఒకటి కదులుతోంది. దాని మీద మా అమ్మ ఉంది. ఈ రెండు వాక్యాలని ఎన్ని రకాలుగా తిప్పి రాసినా ఇంతకంటే బాగా రావడం లేదు.

13, శనివారం

పొద్దున అమ్మ పాట పాడుతూ గిన్నెలు కడిగింది. నాన్న ప్రెస్సుకి ఆలస్యంగా వెళ్లారు.

14, ఆదివారం

అమ్మ కొండకి వెళ్లింది. చిటికె కుర్చీ విప్పేసి వెళ్లింది. పడింది. మోచేయి గీరుకుపోయింది, గడ్డం మీద రెండు కుట్లు. రాళ్ల దారి. అక్కడ గులకరాళ్లు ఎక్కువ.

15, సోమవారం

గులకరాళ్లు నిజంగానే ఎక్కువ. షాపు ఆవిడ కూడా అంది.

16, మంగళవారం

అమ్మ బట్టలు మడతపెడుతోంది.

భోజనాల దగ్గర నాన్న మెల్లగా అడిగారు. "ఏమోయ్, అసలెలా పడ్డావ్?"

"దిగేటప్పుడు ఆ పెద్ద మలుపు లేదూ, అక్కడ. రాయి కనబడింది. కుడి చెయ్యి నొక్కాను, ఎప్పుడూ నొక్కినట్టే. వెనక చక్రం జారుతూ ఆగాలి. ఈసారి సైకిలు ముందుకి లేచి నన్ను తీసి అవతల పారేసింది. చెయ్యి మర్చిపోయిందండీ. పదకొండేళ్లు. నొక్కాల్సినంత కాకుండా ఎక్కడో ఎక్కువ నొక్కేసుంటాను." తన కుడి అరచేతిని చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు. "ఒంట్లో మిగిలి ఉంటుందనుకున్నా. లేదు."

కుడి చెయ్యి నొక్కితే వెనక చక్రం ఆగాలి అంది.

నేను నీళ్లు తాగాను. ఇంకో గ్లాసు తాగాను.

టైరులో గాలి ఎక్కువుండి కూడా అలా జరగొచ్చు. పుస్తకంలో నూట పన్నెండో పేజీలో ఉంది.

17, బుధవారం

నూట పన్నెండో పేజీలో అలా లేదు.

వరండాలో తాతయ్యని అడిగాను, ఊరికే అడిగినట్టు, చిటికె బెల్లు తుడుస్తూ. "తాతయ్యా, అమ్మకి సైకిలు ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పుతారు? నేనే."

"నీ సైకిలు మీదా?"

"నా సైకిలు మీదే." ఎడమ చెయ్యి చాపాడు. రెండు వేళ్ల చివర్లు లేవు, కలప మిల్లులో రంపం తినేసింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న చెయ్యి, ఎప్పుడూ చూడలేదు. "ఈ చేత్తో నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటే. కుడి చేతికి ముందు చక్రం ఇస్తే కొండ దిగేటప్పుడు బోర్లా పడతాను. అందుకని వెనక చక్రాన్ని కుడికి తెచ్చుకున్నా. మీ అమ్మ దాని మీదే నేర్చుకుంది. తర్వాత దానికి కొన్న ప్రతి సైకిలుకీ ఇంటికి రాగానే వైర్లు మార్చేవాణ్ని. మన ఇంటి బ్రేకులు అంతే. ఊరందరికీ ఒక దారి, మనకొక దారి."

బెల్లు బాగా మెరిసింది. ఇంకా తుడిచాను.

బిగించింది సైకిలు తొక్కేవాళ్లయితే, ఒక్కసారి ఒంటరిగా వీధిలో తిప్పగానే పట్టేసేవాళ్లు. చిటికెని వదిలేస్తే ఈ ఇంట్లో తొక్కడం రానిది నేనొక్కదాన్నే. వీధిలో అమ్మకి తెలియకపోవడం చిటికె వల్ల. వెనక అంత బరువు కూర్చుంటే ముందు బ్రేకు గట్టిగా పడినా చక్రం లేవదు. పుస్తకంలో ఎనభై ఆరో పేజీ. చదివాను కూడా. ఎర్ర పెన్సిలుతో గీయాలనుకున్న వాక్యం అదే.

అమ్మ పరీక్షకి రానని ఉత్తరం రాసి, కవరులో పెట్టి, అలమారా మీద ఉంచింది. శుక్రవారం పోస్టులో వేస్తుందట.

18, గురువారం

ఉపాయం: వైర్లు మళ్లీ మార్చేస్తాను. ఎవరికీ తెలియదు. అమ్మని ఇంకొక్కసారి ఎక్కమంటాను. ఎక్కుతుంది, వెనక చక్రం ఆగుతుంది, చెయ్యి గుర్తొచ్చిందనుకుంటుంది. అందరికీ సంతోషం. ఉపాయం అన్న మాట ఎంత తేలికైన మాట, ఈకలాగా.

(మధ్యాహ్నం)

పానా తీసుకుని వెళ్లాను. అప్పటికే కొట్టం దగ్గర అమ్మ ఉంది. సైకిలు ఎక్కలేదు. పక్కన నిలబడి హ్యాండిల్ పట్టుకుని ఎడమ చేతి లివరు నొక్కుతోంది, వదులుతోంది. నొక్కుతోంది, వదులుతోంది. కుడి చెయ్యి వెనక్కి పెట్టుకుంది. కాలిన చేతిని దాచుకున్నట్టు.

నేను చెప్పకుండా వైర్లు మారిస్తే, ఎప్పుడో ఒకరోజు ఆ ఎడమ చేత్తో నొక్కుతుంది. మళ్లీ ముందు చక్రమే.

పానా జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఉపాయం ఈక కాదు.

19, శుక్రవారం

చెప్పాను.

పొద్దున టిఫిన్ల దగ్గర. అమ్మ కవరు తీసి చేతి సంచిలో పెట్టుకుంటోంది. నా దగ్గర మంచి మాటలు చాలా ఉన్నాయి, ఈ పుస్తకం నిండా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. "బ్రేకులు నేను తిప్పేశాను," అన్నాను.

"ఏం తిప్పేశావు?" అన్నారు నాన్న.

"వైర్లు. కుడిది ముందుకి. పుస్తకంలో అలా ఉందని. పాతది తప్పనుకున్నా. తాతయ్య అడిగితే ఇంకా బాగా వేశానన్నా. అమ్మ పడిన రోజు నుంచి గులకరాళ్లంటున్నా, గులకరాళ్లు కావు."

చిటికె నమలడం ఆపింది.

అమ్మ నా వైపు చూసింది. గడ్డం మీద కుట్ల దారాలు నిక్కి ఉన్నాయి. "అంటే," అంది, "నా చెయ్యి మర్చిపోలేదా?"

"లేదు."

"వెనక చక్రానికే నొక్కానా?"

"నొక్కావమ్మా."

"సరిగ్గానే నొక్కానా?"

"సరిగ్గానే. వైరే వేరేచోటికి వెళ్లింది."

అమ్మ లేచింది. కొడుతుందనుకున్నాను. కొట్టొచ్చు కూడా, నేను ఒక అడుగు ముందుకి జరిగాను. అమ్మ గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని నవ్వడం మొదలుపెట్టింది. కుట్లు లాగుతాయని గడ్డం పట్టుకుని మరీ నవ్వింది. "చెయ్యి మర్చిపోలేదట నాన్నా," అంది తాతయ్యతో. కళ్లల్లో నీళ్లు. "ఐదు రోజులనుంచి దీన్ని తిడుతున్నాను. అన్నం కూడా ఎడమ చేత్తో తిందామనుకున్నా."

"నాకు మంగళవారమే తెలుసు," అన్నాడు తాతయ్య.

"ఏంటి?"

"నువ్వు భోజనాల దగ్గర ఆ ముక్క అనగానే కొట్టంలోకి వెళ్లి లివరు నొక్కి చూశా. ఆపరేషన్ కంటికి, చేతికి కాదు."

"మరి చెప్పరేంటి మావయ్యా?" అన్నారు నాన్న.

"శుక్రవారం దాకా చూద్దామనుకున్నా. పండిత జేబులో పానా పెట్టుకుని తిరుగుతోంది. కవరు గుమ్మం దాటేలోపు చెప్పకపోతే నేనే చెప్పేవాణ్ని." నా వైపు తిరిగాడు. "నిన్న మధ్యాహ్నం పానా తీసుకుని వెళ్లి ఉత్త చేతుల్తో వచ్చావే, అప్పుడే నాకు భోజనం సహించింది."

అమ్మ కవరు చింపలేదు. వెనకవైపు తిప్పి, ఇంకా ఏమేం బిగించాలో దాని మీద చీటీ రాసింది. అన్నిటికంటే పైన ఇది రాసింది: "పెద్దదానికి సైకిలు నేర్పాలి." దాని కింద రెండు గీతలు.

"తొక్కడం రానివాళ్లు నా సైకిలు ముట్టుకోకూడదు," అంది. "ఇవాళ్టినుంచి ఈ ఇంట్లో ఇది చట్టం."

20, శనివారం

వైర్లు మార్చాను. ఈసారి తాతయ్య స్టూలు మీద, అమ్మ మెట్టు మీద, చిటికె నా వీపు మీద. వెనక చక్రం కుడి చేతికి.

తర్వాత చట్టం అమల్లోకి వచ్చింది. ఆరుసార్లు పడ్డాను. ఆరింటికీ చిటికె బెల్లు కొట్టింది.

21, ఆదివారం

నాలుగుసార్లు.

22, సోమవారం

పడలేదు. పది గజాలు. నాన్న వెనక పట్టుకుని పరిగెడుతున్నారనుకుని మాట్లాడుతూ పోయాను. జవాబు రాలేదు. చూస్తే ఆయన ఎక్కడో గేటు దగ్గర నడుం పట్టుకుని నిలబడి ఉన్నారు. నేనొక్కదాన్నే మాట్లాడుతున్నాను, నేనొక్కదాన్నే పోతున్నాను. గాలి చెవుల్లో అరుస్తోంది. ఈ అనుభవానికి మాట వెతికాను. ఉబలాటం సరిపోదు. మాట దొరికేలోపు గోడ వచ్చింది. కుడి చెయ్యి నొక్కాను.

ఆగింది.

24, బుధవారం

అమ్మ కొండకి వెళ్లి వచ్చింది. మట్టి చెప్పులతోనే వంటింట్లోకి వెళ్లి పాడింది.

27, శనివారం

రేపే. షాపు ఆవిడ వచ్చి సైకిలంతా తట్టి చూసింది. ఆకులన్నీ మీటింది. నోట్లోంచి నట్టు తీసి, "ఎవరు చేశారు?" అంది. ఈసారి చెయ్యెత్తలేదు. తాతయ్య నా చెయ్యి పట్టుకుని పైకెత్తాడు.

28, ఆదివారం

పొద్దున్నే అందరం వెళ్లాం. తాతయ్య నల్లకళ్లద్దాలతో, చిటికె బెల్లు విప్పించుకుని చేత్తో పట్టుకుని. పరీక్ష పెట్టే ఆఫీసరు ఆవిడ పొడుగ్గా, మాటలు తూచినట్టు మాట్లాడే మనిషి. ముందు సైకిళ్లన్నీ తనే ఎక్కి చూసింది. అమ్మది ఎక్కి పదడుగులు తొక్కి, కుడి చెయ్యి నొక్కి, కిందికి దిగింది.

"మీ బ్రేకులు తలకిందులుగా ఉన్నాయండీ."

"మా ఇంట్లో ఇదే సరైందండీ," అంది అమ్మ.

"రేపు డ్యూటీలో ఇంకొకరు మీ సైకిలు ఎక్కాల్సి వస్తే?"

ఆ మాట మాలో ఎవరికీ తట్టలేదు. తాతయ్యకి కూడా. నేను ఈ పుస్తకం తీసి, వెనకనుంచి ఒక కాగితం చింపి, రాశాను. మొదట ఏడు వాక్యాలు వచ్చాయి. కొట్టేశాను. మూడు మిగిలాయి, ఒకటి మరీ అందంగా ఉందని కొట్టేశాను. చివరికి:

*కుడి చేతికి వెనక చక్రం. తెలుసుకుని ఎక్కండి.*

ఆఫీసరు చదివి, తలూపి, హ్యాండిల్‌కి కట్టమంది. అచ్చయిన నీళ్ల పంపు బొమ్మ వెనకవైపు ఉండిపోయింది.

అమ్మ ఎక్కింది. చెట్లలోకి వెళ్లిపోయింది. మేం ఆ పెద్ద మలుపు కింద నిలబడ్డాం. నాన్న గడియారం చూడలేదు, చూడనట్టు నటించారు. నేను ఆకులు లెక్కపెట్టాను, చక్రానివి కాదు, ఎదురుగా ఉన్న కొమ్మవి. రెండొందల పదకొండు దాకా వచ్చేసరికి పైన రాళ్లు దొర్లిన చప్పుడు. అమ్మ కనబడింది. సీటు మీంచి లేచి, నడుం వెనక్కి వాల్చి, మోకాళ్లు వదులుగా, వేగంగా. మలుపులో అదే రాయి. కుడి చేతి వేళ్లు ముడుచుకున్నాయి. వెనక చక్రం జారింది, దుమ్ములో సగం చందమామ గీసింది, రాయి పక్కనించి అమ్మ మమ్మల్ని దాటి వెళ్లిపోయింది. వెళుతూ కాళ్లు పెడళ్ల మీంచి తీసి ముందుకి చాపింది.

తాతయ్య ఈసారి భోజనానికి పిలవలేదు. అరవడానికి నోరు తెరిచి, మూసుకుని, నల్లకళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

గంటా పద్దెనిమిది నిమిషాలు. ఒకటో తేదీనుంచి డ్యూటీ.

ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ సైకిలు నా చేతికిచ్చి, "ఈ దిగుడు అయ్యేదాకా నువ్వు తొక్కుకుంటూ రా," అంది. తను నాన్నతో నడిచి వచ్చింది. చేతిరాత ఇంత వంకరగా ఉండటానికి కారణం అదే. బ్రేకు నొక్కీ నొక్కీ కుడి అరచేయి బొబ్బలెక్కింది, పెన్ను నిలవడం లేదు. ఎడమ చెయ్యి బాగానే ఉంది. దానికి ఈరోజు పనే పడలేదు.